బావ కట్టిన చొక్కా

మచిలీపట్నంలో రోల్డ్‌గోల్డ్ నగల షాపు నడిపే సాయిబాబు, సింగపూర్ టూరుకు వెళ్తున్న భార్య మాధవికి తన క్రెడిట్ కార్డు తనే ఇచ్చాడు. ఆమె మేనత్త కొడుకు ప్రభాకర్ అక్కడే ఉంటాడని తర్వాత గుర్తొచ్చింది. ఒకప్పుడు మాధవిని అతనికే ఇద్దామనుకున్నారు.

మర్నాడు మధ్యాహ్నం, ఏదో రెస్టారెంట్‌లో కార్డు వాడినట్టు ఫోనుకు మెసేజ్ వచ్చింది. ఆ ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని నవ్వుకుంటున్నట్టే తోచింది సాయిబాబుకి. అప్పటికప్పుడు కార్డు బ్లాక్ చేసేశాడు.

సాయంత్రం మాధవి ఫోన్ చేసింది.

"ఏవండీ, మీకు చొక్కా కొంటుంటే కార్డు పనిచెయ్యలేదు. అందరి ముందూ తల తీసేసినట్టయింది. పక్కన బావ ఉండబట్టి సరిపోయింది, తనే కట్టేశాడు. ఎంత చెప్పినా డబ్బు తీసుకోనంటున్నాడు."

"మధ్యాహ్నం ఎవరితో తిన్నావ్?"

"మా టూరు ఆడవాళ్ళతో. బావ ఇందాకే వచ్చాడు. ఏం?"

"ఏం లేదు. నెట్‌వర్క్ ప్రాబ్లమేమోలే."

ఆమె తిరిగొచ్చాక ఇచ్చిన చొక్కా తొడుక్కుంటే, కొలిచి కుట్టినట్టు సరిపోయింది. సాయిబాబు మాత్రం "భుజాల దగ్గర పట్టేస్తోంది" అంటూ విప్పి, అద్దంలో చూసుకోకుండానే బీరువాలో పడేశాడు.