పక్కన పడేసిన కుప్ప

తాము ఏరి పారేసిన గింజల్నే మేస్త్రీ పారతో పిండిమరలో ఎత్తిపోయడం చాటమ్మ కళ్లారా చూసింది.

చాట పడితే బూజు గింజ ఒక్కటీ తప్పించుకోదని గోడౌనులో ఆమెకా పేరు. ఏళ్ల తరబడి ఆడవాళ్లంతా అక్కడ మొక్కజొన్న ఏరుతున్నారు. మంచివి బస్తాకి, పచ్చబూజు పట్టినవి పక్క కుప్పకి. ఆ కుప్ప తగలబెట్టిస్తానని కాంట్రాక్టరు చెప్పేవాడు.

ఈ గోడౌను నుంచే తాముండే కార్మికుల కాలనీకి వచ్చే పిండి చేదుగా ఉందంటే, "రెండు పొంగులు రానియ్యవే, ఏ విషమైనా విరిగిపోద్ది" అని తోడికోడలికి చెప్పింది తనే. ఆ తోడికోడలు మొన్న కడుపు ఉబ్బి, కళ్లు పచ్చబడి చచ్చిపోయింది. బూజు విషం ఉడికించినా చావదని డాక్టరమ్మ చెప్పింది. గింజైతే చాటమ్మ గుర్తుపట్టేది. పిండయ్యాక చాటకేం తెలుస్తుంది?

"ఆపరా మర!"

"పిండిలో బూజు కనపడతదేంటే? నోర్మూసుకుని ఏరుకో."

"కనపడదనేగా ఆడిస్తున్నావు!"

మేస్త్రీ ఇనపకడ్డీ ఆమె కుడి మణికట్టు మీద పడింది. ఎముక పటుక్కుమంది. చాటలు నేలకి కొట్టి ఆడవాళ్లంతా లేచారు. అరుపులకి కాంట్రాక్టరు గదిలోంచి వచ్చాడు.

"పిండి మంచిదేనమ్మా, ఎందుకీ గోల?"

చాటమ్మ ఎడంచేత్తో గుప్పెడు తీసి అతని నోటి దగ్గర పెట్టింది. "అయితే తినండి బాబూ."

అతను పళ్లు బిగించాడు.

"పళ్లూడిన నేనే తింటన్నా, మీకేం రోగం?" అంది ఏరేవాళ్లలో ఓ ముసలమ్మ.

అతను ముసలమ్మని కాలితో తన్నాడు. ఆమె తల మర అంచుకి తగిలి పగిలింది. అంతే. ఆడవాళ్లు అతన్ని పడేసి ముఖం పిండిలో అదిమారు. మేస్త్రీ మనుషుల కడ్డీలు లేచాయి, చెంపలు చీలాయి, తెల్లటి పిండి నెత్తురుతో ముద్దకట్టింది.

"లారీ కదలనీకండే! అది మన కాలనీకే!" బయట పిండి బస్తాలతో బయల్దేరబోతున్న లారీని చూసి చాటమ్మ అరిచింది.

బస్తాలెత్తే కొక్కేలు పట్టుకుని లారీ ఎక్కారు. బస్తాలు బర్రున చీలుతుంటే కబురందిన పోలీసులు వ్యాను దిగి దొరికినవాళ్లని దొరికినట్టు చితకబాదారు. చాటమ్మని విరిగిన చేతితోనే ఈడ్చి వ్యానులో పడేశారు.

వ్యాను గేటు దాటలేకపోయింది. గొడవ సంగతి తెలిసి కాలనీ అంతా రోడ్డు మీదే ఉంది, ఒక్కొక్కరి చంకలో ఒక్కో పిండి డబ్బా. ఇంట్లో ఇంకో గింజ లేని బాలింత ముందుకొచ్చి, తన డబ్బాని వ్యాను చక్రాల ముందు బోర్లించింది.

డ్రైవరు హారన్ కొట్టాడు.

రెండో డబ్బా బోర్లింది.