మొదటి డబ్బాలో పిచ్చుక పాట

రేడియో స్టేషన్లో పాటల్ని డబ్బాల్లో పెడతారు. నిజం డబ్బాలు కావు, కంప్యూటర్లో గళ్లు. మొదటి డబ్బాలో పడిన పాట రెండు గంటలకోసారి దానంతటదే మోగుతుంది. రెండో డబ్బాలోది రోజుకి రెండుసార్లు. మూడో డబ్బాలోది ఎప్పుడు మోగుతుందో పెట్టినవాళ్లకే గుర్తుండదు. ఏ పాట ఎందులోకి వెళ్లాలో చూడటం అక్క పని. ఆఫీసులో చిన్నా పెద్దా అందరూ ఆమెని అక్క అనే అంటారు. అలా పిలిచే అసలు హక్కు మాత్రం ఒక్క మనిషిదే, ఆమె చెల్లెలిది.

జనానికి నచ్చిన పాటలే వేస్తున్నామని మేనేజరు ప్రతి మీటింగులోనూ చెబుతాడు. అక్కకి నవ్వొస్తుంది. సినిమా కంపెనీ మనిషి వచ్చి మేనేజరు గదిలో తలుపేసుకుని మాట్లాడి వెళ్లిన మర్నాడు ఆ సినిమా పాట మొదటి డబ్బాలో దర్జాగా కూర్చుంటుంది. మొదటి వారం జనం తిట్టుకుంటారు, రెండో వారం ఊరుకుంటారు, మూడో వారం స్నానాల గదిలో పాడుకుంటారు. అప్పుడు వంద మందికి ఫోన్ చేసి, ఏడు సెకన్ల ముక్క వినిపించి, ఎలా ఉందండీ అని అడిగితే ఎనభై మంది బ్రహ్మాండం అంటారు. రోజూ ఎదురుపడే మొహం చుట్టం మొహంలా అనిపిస్తుంది కదా, ఇదీ అంతే.

చెల్లెలు పాడే చోటు వేరు. ఊళ్లో పాతపేట వైపు ఒక అచ్చాఫీసు ఉంది. దాని కింద కాగితపు బేళ్లు దాచే నేలమాళిగ. శనివారం సాయంత్రాలు అక్కడ నలభై మంది బేళ్ల మీద కూర్చుని వింటారు. మైకు ఉండదు. అచ్చాఫీసు యజమానిని అందరూ బాబాయి అంటారు, ఆయన మెట్ల దగ్గర నిలబడతాడు. కొత్తవాళ్లెవరైనా రావాలంటే పాతవాళ్లు చెయ్యి పట్టుకుని తీసుకురావాలి. "ఎవరి మనిషివి?" అని బాబాయి అడుగుతాడు. జవాబు లేకపోతే ఎంతటి వాడైనా వచ్చిన దారిన పోవాల్సిందే.

ఆ కట్టుబాటు చెల్లెలి కోసం పుట్టింది కాదు గానీ, ఆమె ప్రాణం నిలబడింది దానివల్లే. రెండేళ్ల క్రితం ఆమె విరిగిన మణికట్టుతో, ఒక్క సంచితో అక్క దగ్గరికి వచ్చింది. ఆమె మొగుడు నలుగురిలో గొంతు పెంచని మనిషి, పాలవాణ్ని కూడా గారు అంటాడు. అప్పటికే అక్కాచెల్లెళ్లు పోలీసుల దగ్గరికి రెండుసార్లు వెళ్లారు. రెండుసార్లూ వాళ్లు అతని మర్యాద చూసి ముచ్చటపడి, సర్దుకుపొమ్మని ఆమెని అతనితోనే పంపారు. మూడోసారి ఎవరికీ చెప్పలేదు. అక్క ఈ ఊరికి బదిలీ చేయించుకుంది, అడ్రసు చుట్టాలకి కూడా ఇవ్వలేదు. చెల్లెలు అచ్చాఫీసులో పుస్తకాలు కుట్టే పనిలో చేరి, శనివారాలు పిచ్చుక అన్న పేరుతో పాడుతోంది. ఒకసారి బాబాయి ఆమె పాట ఒకటి ఫోన్లో పట్టి ఇస్తే, దాన్ని అక్క చేతిలో పెట్టి, "ఇది నువ్వు వినడానికే" అంది.

అక్క తప్పు ఇక్కడ మొదలైంది. ఒక సోమవారం సినిమా కంపెనీ ఏదో పేచీ పెట్టి తన పాట వెనక్కి తీసుకుంది, మొదటి డబ్బాలో ఒక గడి ఖాళీ అయింది. పద్నాలుగేళ్లుగా తనకి నచ్చని పాటల్ని జనం చెవుల్లో పోసిన కసి లోపలెక్కడో ఉంది. మంచి పాటకి కూడా ఈ డబ్బా దొరికితే ఏమవుతుందో చూద్దాం అనుకుంది. ఒక్క వారమే కదా అనుకుని పిచ్చుక పాటని ఆ గడిలో పెట్టింది. కొరివితో తల గోక్కుంటున్నానని ఆ పూట తట్టలేదు.

మంగళవారం చెల్లెలు ఫోన్ చేసి, తీసెయ్ అక్కా అని బతిమాలింది. శుక్రవారం తీసేస్తానని అక్క మాటిచ్చింది. శుక్రవారానికి ఫోన్ పరీక్షలో ముప్పై మందికి పాట తెలుసు. ఇంకొక్క వారం అనుకుంది, నిజం చెప్పాలంటే గర్వపడింది. ఆ తర్వాతి వారం ఎనభై ఐదు. మేనేజరు ఉబ్బితబ్బిబ్బయ్యాడు. "చూశావా అక్కా, జనానికి ఏది మంచిదో జనానికి తెలుసు" అన్నాడు. అదే పాట, అదే గొంతు, రెండేళ్లుగా నేలమాళిగలో నలభై మంది దాటలేదన్న సంగతి ఆయనకి ఎవరు చెబుతారు! హెడ్డాఫీసు దాన్ని తమ పదకొండు ఊళ్లలోనూ మొదటి డబ్బాలో పెట్టేసింది. పాట ముందు ఈ ఊరి పేరు చెప్పి, మన సొంత పిచ్చుక అని ప్రతిసారీ గొప్పగా ప్రకటించడం మొదలుపెట్టారు.

ఆ పదకొండు ఊళ్లలో ఒకటి చెల్లెలి మొగుడిది. అది తెలియగానే అక్క కంప్యూటర్ ముందుకి పరుగెత్తింది. పాట తీసేద్దామని కూర్చుంటే ఆ గడి కదల్లేదు, తాళం హెడ్డాఫీసు చేతికి పోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఇంతే. ఆ రోజు నుంచి లిఫ్టులో ఎవరైనా వెనక నిలబడితే ఆమె తిరిగి మొహం చూసేది. చెల్లెలికి మాత్రం ఏమీ చెప్పలేదు, భయపెట్టడం ఎందుకులే అని. అదీ తప్పే.

శనివారం మధ్యాహ్నం శ్రోతల ఫోన్లు ఎత్తే అమ్మాయి భోజనానికి వెళ్లింది. ఫోన్ మోగుతూనే ఉంటే అక్క ఎత్తింది. ఎవరో మెత్తగా, పిచ్చుక గారి పాట చాలా బాగుందండీ, ఆవిడ ఎక్కడ పాడతారో కాస్త చెబుతారా అని అడిగాడు. అలాంటి వివరాలు ఇవ్వమండీ అని అక్క అలవాటుగా అనేసింది. అవతలివాడు ఆ గొంతు గుర్తుపట్టేశాడు.

"వదినా, మీరేనా? బాగున్నారా?"

అక్కకి పై ప్రాణాలు పైనే పోయాయి. ఫోన్ పెట్టేద్దామంటే చెయ్యి రాలేదు.

"రోజుకి పన్నెండుసార్లు పిలుస్తోంది వదినా. వెళ్లకపోతే మర్యాదగా ఉండదు కదా. వచ్చి మూడు రోజులైంది."

చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా అచ్చాఫీసుకి పరుగెత్తింది. సందు మొదట్లోనే ఆగిపోవాల్సి వచ్చింది. చోటు సంగతి ఎవరి నోట జారిందో, నలభై మంది వచ్చే చోట రెండు వందల మంది ఉన్నారు. ఫోన్లు పైకెత్తి తలుపు ఫొటోలు తీసుకుంటున్నారు. బాబాయి మెట్ల దగ్గర చేతులు అడ్డం పెట్టి, ఎవరి మనిషివి, ఎవరి మనిషివి అని అరుస్తున్నాడు. "పిచ్చుక మనుషులం" అని అందరూ ఒకటే జవాబు చెప్పి నవ్వుతున్నారు. అక్క ఒక్కొక్క మగవాడి మొహం చూసుకుంటూ జనంలోంచి నడిచింది. ప్రతి మొహమూ ఒక క్షణం అతనిలాగే ఉంది.

చెల్లెలు వెనక గదిలో కుట్టు సూదులు సర్దుతోంది. అక్క చెప్పిందంతా నిలబడి వింది. తిట్టలేదు, ఏడవలేదు. ఆ మాత్రం తిట్టినా బాగుండునని అక్కకి అనిపించింది. రేపు ఎలాగైనా హెడ్డాఫీసు కాళ్లు పట్టుకుని పాట ఆపిస్తానంది.

"ఆపొద్దు" అంది చెల్లెలు. "ఆగితే నేను కదిలానని తెలుస్తుంది. మోగినన్నాళ్లూ నేనిక్కడే ఉన్నాననుకుంటాడు. నీ వెనకే తిరుగుతాడు. ఉండగలవా?"

ఉండగలనంది అక్క. గోడకి ఆనుకుంది.

"ఇంకెక్కడైనా పాడుకోవచ్చులే" అంది, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"ఎక్కడ అక్కా? ఈ గొంతు ఇప్పుడు అందరికీ తెలుసు. వంటింట్లో కూనిరాగం తీసినా దొరికిపోతాను."

బాబాయి వాళ్లిద్దర్నీ వెనక గుమ్మంలోంచి, కాగితం లారీలో దాటించాడు.

ఆదివారం పొద్దున్నే బస్టాండుకి వెళ్లారు. ఏ ఊరికి టిక్కెట్ కొన్నావని అక్క అడగలేదు, తెలియకపోతే అతను ఎంత అడిగినా చెప్పే వీలుండదు కదా. హెల్మెట్ తీయకుండా నిలబడ్డ ఒకడు వీళ్లవైపే చూస్తున్నట్టుంటే అక్క చెల్లెలికి అడ్డంగా నిలబడింది. వాడు ఎవరో పిల్లని ఎక్కించుకుని పోయాడు. చెల్లెలు బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. అక్క కింద నిలబడి కిటికీ చువ్వ పట్టుకుంది.

ఎనిమిదైంది. డ్రైవరు ఇంజను వేసి రేడియో పెట్టాడు. మొదటి డబ్బా.

పల్లవి రాగానే డ్రైవరు స్టీరింగ్ మీద వేళ్లతో తాళం వేశాడు. వెనక సీట్లో కుర్రకారు అందుకున్నారు. చంటిదాన్ని ఒళ్లో వేసుకున్న ఒకావిడ, సామాన్లు సర్దుతున్న కండక్టరు, ఒకరి తర్వాత ఒకరు బస్సంతా పాడుతోంది. చెల్లెలు పెదాలు బిగించి ఎదురు సీటు వైపు చూస్తోంది. పక్క సీటు పెద్దావిడ పాడుతూ పాడుతూ ఆమెని మోచేత్తో కదిపింది.

"ఏమ్మా, నీకీ పాట రాదా?"

రాదని చెల్లెలు తల అడ్డంగా ఊపింది. బస్సు కదిలింది.