ఆఖరి బెంచీకి చేరే మాట

కుందలహళ్ళి తెలుగు మీడియం బడిలో తొమ్మిదో తరగతికి ఆఖరి పీరియడ్ సైన్సు. చెప్పేది మార్త టీచర్. పిల్లలకు ఆకలి, ఆమెకు తలనొప్పి, రెండూ ఒకే వేళకు మొదలయ్యేవి.

ఆ గదిలో మాట ముందు బెంచీలకు మామూలుగానే చేరేది. ఆఖరి బెంచీకి మాత్రం మర్నాడు అదే వేళకు చేరేది. అక్కడ కూర్చునేది ఫర్హానా ఒక్కతే. ఎత్తు ప్రకారం కూర్చోబెట్టడం ఆ బడి ఆనవాయితీ, ఆ పిల్లేమో తాటిచెట్టంత ఎదిగింది. ముందుకు మార్చమని మార్త మొరపెట్టుకుంటే హెడ్మాస్టరు పెద్దమునియప్ప తల కూడా ఎత్తలేదు.

"పాత కట్టడం కదమ్మా. వానొస్తే కారతాది, మాట ఆలస్యమైతాది. ఆ పొడుగుపిల్ల ముందరుంటే వెనకోళ్ళకు బోర్డు కనపడదు. కొంచెం అడ్జస్ట్ చేసుకోండి."

ఎంతకని సర్దుకుంటుంది? గాలిలో ధ్వని సెకనుకు మూడు వందల నలభై మీటర్లు పోతుందని గొంతు చించుకుని చెబుతుంటే, ఆ గొంతే నాలుగు బెంచీలు దాటలేక ఆమె పరువు తీస్తోంది.

దానికితోడు ఫర్హానా తల్లి సమీనా పోయిన నెల బడికొచ్చి అడిగింది. "దీనికి చదువు వస్తాదా, రాదా? ఒక్క మాట చెప్పండి మిస్. రాదంటే నాతోపాటు బొమ్మసంద్రలో కుట్టు ఫ్యాక్టరీకి తీసుకుపోతా."

చూద్దామంది మార్త.

యూనిట్ టెస్టు వచ్చింది. ఆ బడిలో ప్రశ్నలు అచ్చు వేయించరు, టీచరు చదివితే పిల్లలు రాసుకోవాలి. గంట కొట్టగానే అందరూ పరుగెత్తారు. ఆఖరి బెంచీలో ఫర్హానా సంచీ సర్దుకుంటుంటే మార్త తన బల్ల దగ్గర ఆ పిల్ల పేపరు తీసింది. మొదటి ప్రశ్న: రేపు టెస్టు, స్కేలు తెచ్చుకోండి. రెండో ప్రశ్న: పండూ, కిటికీలోంచి చూడకు. కింద జవాబులకు చోటు కూడా వదిలింది.

మార్తకు ఒళ్ళు మండిపోయింది. "నీకు సైన్సే కాదు, చదువే రాదు. మీ అమ్మతో చెప్పు, రేపట్నుంచి మిషను ముందు కూర్చోబెట్టుకోమని."

"వస్తా మిస్" అని నవ్వి వెళ్ళిపోయింది ఫర్హానా.

మార్త కుర్చీలో కూలబడింది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని పిల్లలకు చెప్పి చెప్పి అలసిన నోరు తనది. టీచరు మాటంటే ఆ పిల్లకు శిలాశాసనం. రేపు ఇదే వేళకు ఆ బెంచీలో వింటుంది, పోయి తల్లికి చెబుతుంది, ఎల్లుండి ఫ్యాక్టరీ వ్యాను ఎక్కుతుంది. రాత్రంతా మార్తకు కంటిమీద కునుకు లేదు.

మర్నాడు ఆఖరి పీరియడ్‌లో ఫర్హానాను లాక్కొచ్చి మొదటి బెంచీలో కూర్చోబెట్టింది. వెనక పిల్లలు గోల పెట్టారు. వరండాలో పోతూ పెద్దమునియప్ప ఆగాడు.

"ఏందమ్మా, ఆ పిల్ల ముందరుండాది?"

"ఉండనీండి సార్. మీరే అడ్జస్ట్ చేసుకోండి."

గంట కొట్టాక ఫర్హానాను ఉండమని, మార్త పోయి ఆఖరి బెంచీలో కూర్చుంది. కాసేపటికి నిన్నటి మాట వచ్చింది. ఒక్క అక్షరం తగ్గకుండా, అంతే విసురుగా వచ్చి ఆమె చెవిలో పడింది. ఇంత కఠినంగా ఉంటుందా తన గొంతు? ఆమెకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది. ముందు నుంచి ఫర్హానా ఏదో అడుగుతోంది. పెదాలు కదులుతున్నాయి గానీ వినపడలేదు.

మార్త కళ్ళు తుడుచుకుని ముందుకొచ్చి, నిన్నటి టెస్టు మళ్ళీ మొదలుపెట్టింది.

"ధ్వని దేంట్లో ప్రయాణించదు?"

"శూన్యంలో మిస్."

జవాబు అంత తొందరగా రావడం అలవాటు లేక మార్త ఉలిక్కిపడింది.

"మీ అమ్మ ఒక మాట అడిగింది" అంది. "వస్తుందని చెప్పు."