బడికెళ్ళిన నీడ

తెల్లారకముందే తప్పెట మోగేది. సుంగై పెటాని పట్నానికి ఎనిమిది మైళ్ళ అవతల ఉన్న ఆ రబ్బరు తోటలో, సముద్రం దాటొచ్చిన కూలీ లైన్ల జనమంతా చద్దన్నం నాలుగు ముద్దలు మింగి, బకెట్లు కావిడికి తగిలించుకుని, పేర్లు పిలిచే చోటికి పరిగెత్తేవారు. కూలీల మేస్త్రీ అప్పన్న కంగాణి లాంతరు పైకెత్తి ఒక్కొక్కరినీ పిలిచేవాడు. పోలమ్మా అంటే ఉన్నాను, కన్నమ్మా అంటే ఉన్నాను. తల్లీకూతుళ్ళిద్దరూ చెరో మూడు వందల చెట్లకి రబ్బరు పాల కోసం గాటు పెట్టడానికి వెళ్ళేవారు. పొద్దు పొడిచే వేళకి కన్నమ్మ నీడ ఆమె మడమల దగ్గర ఊడి, ఒళ్ళు దులుపుకుని, ఎర్రమట్టి దారంట పట్నం బడికి బయల్దేరేది.

నాలుగేళ్ళుగా అదే వరస. ఎడ్లబండి వాళ్ళు నీడని చూసి పక్కకి తోలేవారు. వాన పడితే అది ఏ టీకొట్టు చూరు కిందో ఆగి, వాన వెలిశాక మళ్ళీ నడిచేది.

తోటలో బడి లేకపోలేదు. మూడో తరగతి దాకా ఉంది. ఆ పైన చదవాలంటే పట్నంలో ఇంగ్లీషు బడి. నెలకి మూడు డాలర్ల ఫీజు, పుస్తకాలు, బూట్లు, బస్సు. మొగుడు కూర్మయ్య చలిజ్వరంతో పోయాక పోలమ్మకి వచ్చేది రోజుకి నలభై సెంట్లు. ఆయన ఉన్నా ఆ ఫీజు కట్టగలిగేవాడని కాదు, ఇద్దరూ కలిసి బెంగపడేవారు, అంతే. అయినా పోలమ్మ ఒక ఆదివారం నడిచివెళ్ళి ఆ బడి మేష్టరు ఆల్బర్ట్ ఇంటి గుమ్మంలో కూర్చుంది. ఆయన కూడా తోటల్లో పుట్టిన తెలుగువాడే. చర్చి పుణ్యమా అని చదువుకుని మేష్టరయ్యాడు.

"కుర్చీలో కూర్చునే ప్రతి పిల్లకీ ఫీజు అని రూలు అమ్మా. నేను మార్చలేను," అన్నాడాయన. కాసేపు గడ్డం గోక్కుని, "రబ్బరు చెట్ల కింద మనిషికి నీడతో పనేముంది? దాన్ని పంపించు. కుర్చీ అక్కర్లేదు, గోడకి ఆనుకుంటుంది," అన్నాడు.

బీదవాళ్ళ చదువు ఎప్పుడూ ఇలాంటి సందుల్లోంచే దూరుతుంది. రబ్బరు తోటలో పైన ఆకులు ఎంత దట్టంగా ఉంటాయంటే, కింద ఎవరి నీడా పడదు. ఉందో లేదో చూసేవాడు లేడు. బడిలో కన్నమ్మ నీడ ఆఖరి వరస వెనక గోడకి ఆనుకుని, తల ఒక పక్కకి వాల్చి పాఠం వినేది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా ఫర్వాలేదంటారు కదా.

ఒక్కటే చిక్కు. చదువంతా నీడలోనే ఉండేది. పగలు కన్నమ్మకి అగ్గిపెట్టె మీది ఇంగ్లీషు అక్షరం కూడా తెలిసేది కాదు. సాయంత్రం నీడ తిరిగొచ్చి కాళ్ళకి అంటుకోగానే పేజీలకి పేజీలు చదివేసేది, ఇంగ్లీషులో ఉత్తరాలు రాసేది. లైన్లలో వాళ్ళంతా తమ కాగితాలు పట్టుకుని సాయంత్రమే వచ్చేవారు.

కన్నమ్మకి పద్దెనిమిది నిండాయి. ఆ మాఘమాసంలో ఆల్బర్ట్ మేష్టరు సైకిలెక్కి లైన్లకి వచ్చి కబురు చెప్పాడు. పట్నం ఆసుపత్రిలో ఆడవాళ్ళకి పురుళ్ళు పోసే పని నేర్పుతారట. ఫీజు లేదు, తిండీ బసా వాళ్ళవే, రెండేళ్ళు. ఉన్నవి ఆరు చోట్లు. వయసు పద్దెనిమిదికీ ముప్పై అయిదుకీ మధ్య ఉండాలి, ఇంగ్లీషులో ఒక పేజీ చదవాలి, ఒక పేజీ రాయాలి. పరీక్ష ఇంకా నెల ఉంది.

"ఈ నెల రోజులూ నీడ ఒక్క పూట కూడా బడి మానకూడదు. రాతలో తప్పులు దిద్దిస్తాను," అన్నాడు.

"మానదు మేస్టరుగోరూ," అంది పోలమ్మ.

మాట ఇచ్చేసిందే గానీ, చెట్లని అడగలేదు. ఆ వారమే ఆకులు ఎర్రబడి రాలడం మొదలైంది. ఏటా ఒక నెల రబ్బరు చెట్లు మోడులై నిలబడతాయి. ఎండ తిన్నగా నేలమీద పడుతుంది, అందరి నీడలూ బయటపడతాయి. పాత గుమాస్తా ఈ నెల రోజులూ చూసీ చూడనట్టు పోయేవాడు. ఇప్పుడొచ్చిన గుమాస్తా కొత్తవాడు, కొత్త చీపురులా మూలమూలా ఊడ్చే రకం. కన్నమ్మ కాళ్ళ కింద ఖాళీ నేల చూసి ఆగాడు.

"నీడ లేని మనిషి సగం మనిషి. అరపేరే రాస్తా," అన్నాడు. అరపేరంటే సగం కూలి. "రేపు కూడా ఇలాగే వస్తే పేరే కొట్టేస్తా."

పేరు కొట్టేస్తే లైన్లో గది కూడా పోతుంది. ఆ సాయంత్రం పోలమ్మ పొయ్యి ముందు చాలాసేపు కూర్చుని, చివరికి లేచి అప్పన్న దగ్గరికి వెళ్ళి పొగగదిలో పని అడిగి పుచ్చుకుంది. రబ్బరు రేకులని పొగలో ఆరేసే పని అది. అక్కడ ఎండ రాదు, నీడ ఎవరికీ ఉండదు.

"పొగగదికి నానెల్తానమ్మా," అంది కన్నమ్మ.

"సాల్లే. పొగలో కళ్ళు పాడైపోతాయి. సదువుకునే కళ్ళు నీవి. నా నీడ నీకిస్తాను, ఏసుకుని ఎండలో తిరుగు. నీది బడికెల్తాది."

ఒకరి నీడ ఇంకొకరి కాళ్ళకి ఊరికే నిలవదు. అందుకని పోలమ్మ రోజూ పొద్దున్నే మొదటి చెట్టు పాలు దోసిట్లో పట్టి, తన నీడని కూతురి మడమలకి అంటించేది. పచ్చిపాలు సాయంత్రానికి పొరలా లేచొచ్చేవి. నడుం కాస్త వంగి, భుజాన కావిడి గుర్తుపడిపోయిన నీడ అది. కన్నమ్మ ఇంటికొచ్చి పుస్తకం తెరిస్తే, ఆ నీడ తిరిగి పోలమ్మ కాళ్ళ దగ్గరికి పోకుండా కాసేపు ఆ పేజీ మీదికి వంగేది. పోలమ్మ దాన్ని కసిరి పిలుచుకునేది.

పరీక్ష ఇంకా మూడు రోజులుందనగా చెట్లు దాదాపు ఎండిపోయాయి. మొదటి చెట్టు గిన్నెలో నాలుగు చుక్కలు కూడా దిగలేదు. గుమాస్తా వచ్చే వేళయింది. పోలమ్మ పొగగది పక్కన తొట్టెలో ఉన్న పాలు దోసెడు ముంచుకుని పరిగెత్తుకొచ్చి పూసేసింది. ఆ పాలలో గట్టిపడే మందు అప్పటికే కలిపేశారని ఆమెకి తెలీదు. పదహారేళ్ళు ఆ పాలతోనే బతికిన మనిషి, వాసన చూసినా తెలిసేది. తొందరలో చూడలేదు.

సాయంత్రం అది ఊడలేదు. గోళ్ళతో గీకారు, కిరసనాయిలు రాశారు, కొబ్బరినూనె రాశారు. పోలమ్మ గాటు కత్తి తెచ్చింది. నీడ తెగలేదు, కాలు తెగింది. రక్తం చూసి ఆమె కత్తి విసిరేసింది.

అంతలో బడి నుంచి కన్నమ్మ నీడ వచ్చింది. మడమల దగ్గరికి వెళ్ళి చూస్తే చోటు లేదు. వెనక్కి తగ్గి గుమ్మంలో నిలబడింది. పొద్దు వాలిపోతోంది. కాళ్ళు దొరకని నీడ చీకటి పడితే చీకట్లో కలిసిపోతుంది, మళ్ళీ దొరకదు.

"రామ్మా, ఈ పూటకి నాకాడుండు," అని పోలమ్మ తన పాదాలు చాపింది.

పొద్దున్న కన్నమ్మ లేచేసరికి తల్లి పొయ్యి ముందు అగ్గిపెట్టె పట్టుకుని కూర్చుని ఉంది. ఆమె పెదాలు కదులుతున్నాయి.

"ఏటమ్మా అది?"

"ఏటీ లేదే."

"సదివినావు. నాను సూసినాను."

పోలమ్మ అగ్గిపెట్టె కింద పెట్టేసింది. కన్నమ్మ నీడ ఆమె పాదాల్లోకి వేళ్ళూనుకుపోయింది, లాగితే ఒంటిలోంచి వస్తున్నట్టు ఉంది. నాలుగేళ్ళ పాఠాలు ఒక్క రాత్రిలో ఆమె తలలోకి ఎక్కి కూర్చున్నాయి. "నీ నోటికాడి కూడు లాక్కున్నానే తల్లీ," అని ఆమె తల బాదుకుని ఏడ్చింది.

కన్నమ్మ ఓదార్చలేదు. ఎందుకు ఓదార్చాలి? నాలుగేళ్ళు సాయంత్రం కోసం బతికిన పిల్ల ఆమె. ఆ రోజూ, ఆ మర్నాడూ తల్లితో మాట్లాడలేదు. చెట్ల దగ్గర తన కాళ్ళ కింద వంగి నడుస్తున్న కావిడి నీడని చూస్తే ఒళ్ళు మండిపోయింది. రెండుసార్లు దాన్ని తొక్కింది కూడా.

పరీక్ష రోజు పొద్దున పోలమ్మ పొగగదికి బయల్దేరుతుంటే కన్నమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. చేతిలో తన కోసం కొనుక్కున్న తెల్లచీర ఉంది.

"కట్టుకో. ఎల్లు."

"నానేటి, ఎల్లడమేటి? నవ్వుతారే. నాకు ముప్పై నాలుగేళ్ళు."

"ముప్పై అయిదు దాకా రావొచ్చన్నారు కదా."

"నీ సోటు నాను తినను. సచ్చినా తినను."

"నువ్వెల్లకపోతే నాకొస్తాదేటి? ఇంకెవలికో పోద్ది." "నాలుగేళ్ళు రోజూ ఎనిమిది మైళ్ళు నడిసినాదమ్మా అది. పొగగదిలో కూకోడానికి కాదు. బేగి కట్టుకో, బస్సు ఎల్లిపోద్ది."

తల్లికి తలదువ్వి ముడి వేసింది.

ఆసుపత్రి వరండాలో ఆల్బర్ట్ మేష్టరు ఎదురుచూస్తున్నాడు. కన్నమ్మ బదులు పోలమ్మ బస్సు దిగడం చూసి ముందు తెల్లబోయాడు. తర్వాత ఆమె కాళ్ళ దగ్గర, తల ఒక పక్కకి వాల్చి నిలబడ్డ నీడని చూశాడు. నాలుగేళ్ళు తన గోడకి ఆనుకున్న నీడని ఆయన పోల్చుకోకుండా ఎలా ఉంటాడు? "లోపలికి రండమ్మా," అన్నాడు, అంతే.

ఆరుగురిలో పోలమ్మ పేరు మూడోది.

లైన్లలో అందరూ సంతోషించారు. "తల్లయితేనేటి, కూతురయితేనేటి? ఇంటికి రావాల్సింది ఇంటికొచ్చినాది," అన్నాడు అప్పన్న కంగాణి. మంచి మనసుతోనే అన్నాడు గానీ, ఆ మాట కన్నమ్మకి ముల్లులా దిగింది. తల్లి రేకుపెట్టె బస్సు మీదికి ఎక్కించి, బస్సు మలుపు తిరిగేదాకా నిలబడి, తర్వాత పనికి పోయింది.

ఒంటరి గది, ఒకరి వంట. చెట్లకి చిగుళ్ళు వచ్చాయి. కన్నమ్మ చేతిలో కత్తి ఇప్పుడు చెట్టుని ఎక్కడా గాయపరచకుండా, తల్లి చేతిలో లాగే సన్నగా పొర తీసుకుంటూ పోతోంది. కావిడి బరువు తెలియడం లేదు. గుమాస్తా ఆగి చూసి, "ఈ డివిజన్ మొత్తంలో నీలాంటి పనిమనిషి లేదు," అని మెచ్చుకున్నాడు. కన్నమ్మ చెట్టు చాటుకి వెళ్ళి ఏడ్చింది. మంచి కూలీ అయిపోతున్నందుకు ఏడ్చింది.

పోలమ్మ పదిహేను రోజులకోసారి ఆదివారం వచ్చేది. వస్తూనే బొగ్గుముక్క తీసుకుని గచ్చు మీద అక్షరాలు రాసేది. కన్నమ్మకి పట్టుబడేవి కాదు. ఈ చదువు ఎప్పుడూ ఆమె ఒంటికి పని చెప్పలేదు మరి. కాయలు కాసిన వేళ్ళలో బొగ్గు విరిగిపోయేది. మూడో ఆదివారం ఆమె ముక్కని గోడకేసి కొట్టింది.

"ఒగ్గేయమ్మా! నావల్ల కాదు. నాది నీకాడుంది. నీకాడే ఉండనీ."

పోలమ్మ ఇంకో బొగ్గుముక్క తీసి మొదటి అక్షరం మళ్ళీ రాసింది. అప్పుడు కన్నమ్మ కాళ్ళ దగ్గర ఉన్న నీడ, జీవితమంతా కావిడి మోసిన ఆ వంగిన నీడ, చతికిలబడి కూర్చుంది. వేలు చాపి ఆ అక్షరాన్ని ఒక కొస నుంచి రెండో కొస దాకా దిద్దింది. మళ్ళీ దిద్దింది. తల్లీకూతుళ్ళిద్దరూ కదలకుండా చూశారు.

బస్సు వేళకి పోలమ్మ లేచింది. కళ్ళు తుడుచుకుని, "అన్నం తిను. ఎండలో తిరక్కు," అని చెప్పి వెళ్ళిపోయింది.

మర్నాడు చెట్ల నిండా ఆకు. పొద్దు పొడిచింది. కన్నమ్మ ఇరవయ్యో చెట్టు దగ్గర ఉండగా మడమల దగ్గర ఏదో లాగినట్టయింది. చూస్తే నీడ లేచి దారి వైపు తిరిగి నిలబడి ఉంది. ఊడి వెళ్ళడానికి దానికి వీల్లేదు, రబ్బరు అంటుకుపోయింది. కానీ రబ్బరు సాగుతుంది. నీడ ఒక అడుగు వేసింది, ఇంకో అడుగు వేసింది. ఒక కొస కన్నమ్మ మడమల దగ్గరే ఉండగా రెండో కొస తోట దాటి, ఎర్రమట్టి దారి ఎక్కి, నడుం మీద చెయ్యి పెట్టుకుని నెమ్మదిగా నడిచిపోయింది. ఎడ్లబండి వాళ్ళు ఆ పొడుగాటి నీడ మీద చక్రం పడకుండా బండి ఆపి, ఎద్దులని జాగ్రత్తగా దాటించారు.

ముసలి నడక. బడికి చేరేసరికి గంట కొట్టేశారు. ఆల్బర్ట్ మేష్టరు గుమ్మంలో దాన్ని చూసి, మొదటి తరగతి గదిలోకి తీసుకెళ్ళి, చిన్నపిల్లల వెనక గోడ చూపించాడు. మళ్ళీ మొదటి నుంచీ మొదలు. ఎన్నేళ్ళు పడుతుందో ఎవరికి తెలుసు.

నూట ఇరవయ్యో చెట్టు దగ్గర కన్నమ్మ గాటు పెడుతోంది. మడమలో సన్నగా చురుక్కుమంది. ఎనిమిది మైళ్ళ అవతల దిద్దుతున్న అక్షరం ఆ సాగిన నీడ వెంట వచ్చి, మోకాలు ఎక్కి, భుజం దాటి, ఆమె కుడిచేతి వేళ్ళలోకి దిగింది. సాయంత్రం దాకా ఆగలేదు. ఆమె కత్తి ఆపి, గిన్నెలోని పాలలో వేలు ముంచి, ఎడమ అరచేతిలో ఆ అక్షరం తనే రాసి చూసుకుంది. వంకరగానే వచ్చింది. పాలు ఆరి అరచేతికి అంటుకుపోయేదాకా చెయ్యి మూయకుండా నిలబడి, తర్వాత నూట ఇరవై ఒకటో చెట్టు దగ్గరికి వెళ్ళింది.