ఊదారంగు స్ఫటికాలు

ఓవెన్‌లో పెట్టెయ్, గట్టిపడుతుంది అన్నాడు, తడిసిన చొక్కా అనుకున్నాడా ఏం, అని పళ్లు నూరుతూ ఆమె గాజుగిన్నెను కిటికీ వెలుగులోకి ఎత్తింది, శుక్రవారం దాకా గాలి తేమ చొరని డెసికేటర్ జాడీలో పలకలు పలకలుగా మెరిసిన నియోడిమియం నైట్రేట్, లేత ఊదారంగు స్ఫటికాలు, ఇప్పుడు అడుగున జిగురునీళ్లు, గాలిలో తేమ దొరికితే చాలు పీల్చుకుని అందులోనే కరిగిపోయే ఉప్పని ఆయనకు తెలీదా, డాక్టరేటు చేసినవాడు, ఈ ప్రయోగశాలకు పెద్ద, పైగా తన మొగుడు, వేడిచేస్తే ముందు తనలోని నీళ్లలోనే కరుగుతుంది, ఇంకా కాలిస్తే నైట్రేట్ విరిగి ఎర్రపొగై పోతుంది, మిగిలేది ఆక్సైడ్ పొడి, ఆ ఆక్సైడ్‌నే నైట్రిక్ ఆమ్లంలో కరిగించి, గిన్నె కదిల్తే చెదురుతుందేమోనని ఊపిరి బిగబట్టి వారాల తరబడి పెంచింది తను, స్ఫటికం లోపలి అమరిక చూసే ఎక్స్‌రే యంత్రం దగ్గర ఇవాళే తన వంతు, అంతా మట్టికొట్టుకుపోయింది.

ఎలా జరిగిందమ్మా అని పొద్దున సంస్థ డైరెక్టరు అడిగింది తనని, జవాబు చెప్పింది ఆయన, మా ఆవిడే డెసికేటర్ మూత సరిగ్గా పెట్టి ఉండదండీ, ఇంట్లోనూ ఇంతే, అని, అందరూ నవ్వారు, తనూ నవ్వింది, ఛీ, ఎందుకు నవ్వింది, నోరు పడిపోయిందా, శనివారం సాయంత్రం చొక్కా మార్చుకుంటూ ఆయనే కదా చెప్పాడు, సెలవైనా తాళం తీసి అతిథులకు నీ ఉప్పు చూపించానోయ్, మూత తీసి మరీ, ఎంత మురిసిపోయారో, అని, పాపం హడావుడిలో మూత మరిచిపోయాడు, కళ్లజోడు ఎక్కడ పెట్టాడో తెలీని మనిషి, అని పొద్దుట్నించీ తనే వెనకేసుకొస్తోంది, సిగ్గులేకపోతే సరి.

ఇంకా ఓవెన్ వెయ్యలేదా, అంటూ రానే వచ్చాడు, వెయ్యను, అంది, అబ్బ, ఉప్పే కదవే, మళ్లీ చేసుకోవచ్చు, దానికింత మొహం ముడుచుకోవాలా, అంటూ ఖాళీ డెసికేటర్ మీద చెయ్యి వేశాడు, అంచుకు గ్రీజు రాసిన బరువైన గాజుమూత, గట్టిగా నొక్కి పక్కకు జరిపితేగాని రాదు, రెండు చేతులా జరుపుతున్నాడు, పొద్దున తనూ అలాగే కష్టపడింది, బిగుసుకుపోయి ఉంది, ఆగు, బిగుసుకుపోయి ఉందా, మూత పెట్టడం మరిచిపోతే ఎలా బిగుసుకుంటుంది, తాళంచెవి ఆయన జేబులోదే, ఇవాళ తనకన్నా ముందు లోపలికొచ్చిందీ ఆయనే, అంటే ఉప్పు కరిగిపోవడం కళ్లారా చూసి, మూత తెచ్చి బిగించి, ఆ తర్వాతే అందరి ముందూ ఆ మాట అన్నాడు, ఆమె గిన్నెను మెల్లగా బల్లమీద పెట్టింది, ఈ మనిషి ఏదీ మరిచిపోలేదు.