నీనెవె రాజూ, నీళ్ల పొయ్యీ

దగ్గరికి జరగండి. ఆ ఫోన్లు పక్కన పెట్టి కాసేపు ఇటు చెవి వెయ్యండి. మన జగ్గయ్యపేటలో కిరాణా కొట్టు భావనారాయణగారి భార్య సీతారావమ్మ లేదూ, పోయిన వేసవిలో ఆవిడ పెరట్లో జరిగిన సంగతి ఇది. ఇందులో ఒక రాజున్నాడు. మన దేశపు రాజు కాదు, మన తాతముత్తాతలు ఎరిగిన రాజూ కాదు.

సీతారావమ్మకు ఒక్కతే కూతురు, దేవిశ్రీ. నందిగామలో ఇచ్చారు. ఆమె కూతురు యామిని మూడేళ్ల పిల్లగా ఉన్నప్పుడు దేవిశ్రీకి జ్వరం వచ్చింది, పది రోజుల్లో మనిషి దక్కలేదు. ఆమె రాసుకున్న నోటుపుస్తకాలన్నీ అల్లుడు ఒక అట్టపెట్టెలో దాచాడు. మునేరు పొంగి ఇంట్లోకి నీళ్లొచ్చిన ఏడు ఆ పెట్టె కాస్తా నాని ముద్దయిపోయింది. ఫోన్లలో ఫొటోలు మిగిలాయి గానీ, అమ్మ చేతిరాత ఒక్క అక్షరం కూడా యామినికి మిగల్లేదు. పదహారేళ్ల పిల్ల, పైకి ఏమీ అనదు. ఎవరైనా రాస్తుంటే మాత్రం వాళ్ల మొహం చూడదు, చెయ్యి చూస్తుంది.

ఇంటరు చదువుకని యామిని అమ్మమ్మ దగ్గరికి వచ్చేసింది. పిల్లకోసం పెరట్లో కొత్త బాత్‌రూమ్ కట్టిద్దామనుకుంది సీతారావమ్మ. అక్కడొక మట్టి పొయ్యి ఉంది. ఇరవయ్యేళ్లకు పైగా ఇంటిల్లిపాదికీ దాని మీదే వేణ్ణీళ్లు కాగాయి. గీజరు వచ్చాక దాని మొహం చూసినవాళ్లు లేరు. దాన్ని పగలగొట్టడానికి ముక్త్యాల నుంచి తాపీమేస్త్రి ఫ్రాన్సిస్ వచ్చాడు. గునపం గోడకు ఆనించి టీ తాగుతున్నాడు. యామిని మెట్టు మీద కూర్చుని కాలేజీ ప్రాజెక్టు పైకి చదువుకుంటోంది.

"అషూర్‌బనిపాల్ అని ఒక రాజు..."

"అసురుడా! పొద్దున్నే ఆ పేర్లెందుకే?" అంది సీతారావమ్మ.

"అసురుడు కాదు అమ్మమ్మా, అషూర్. అది వాళ్ల దేవుడి పేరు."

ఫ్రాన్సిస్ గ్లాసు దించాడు. "చివర్లో పాల్ ఉంది కదండి. మావాళ్లేనేమో."

"మీవాళ్లకంటే ఆరేడొందల ఏళ్లు ముందోడు మేస్త్రీ. ఊరు నీనెవె."

"నీనెవెనా! మా పాస్టరుగారు చెప్తారండి. తప్పు ఒప్పుకుంటే దేవుడు క్షమించిన ఊరు."

"బాగుంది. నా అసురుడి ఊరు నీకే బాగా తెలుసన్నమాట," అని సీతారావమ్మ నవ్వింది. "తర్వాతేమైందే?"

ఆ రాజుకు తనకు చదువొచ్చని మహా గొప్పట. ఎక్కడెక్కడి రాతలో తెప్పించి, పచ్చి మట్టి పలకల మీద పుల్లతో నొక్కి రాయించి, కోటలో దాచుకున్నాడట. ఆయన పోయిన కొన్నేళ్లకు శత్రువులొచ్చి ఊరు తగలబెట్టారు. అక్షరాలు మాత్రం చావలేదు. ఆ మంటల్లో కాలి పలకలు ఇంకా గట్టిపడ్డాయి. రెండున్నర వేల ఏళ్లు దాటినా ఇప్పటికీ చదువుతున్నారు.

"కాలితే పోదా?" అంది సీతారావమ్మ.

"మట్టి కాలితే గట్టిపడదాండి? ఇటుక బట్టీ చూళ్లేదా మీరు!" అంటూ ఫ్రాన్సిస్ లేచి గునపం అందుకున్నాడు.

సీతారావమ్మ గబుక్కున పొయ్యికి అడ్డం వచ్చింది. "ఆగు మేస్త్రీ! దాని మీద చెయ్యి వెయ్యకు!"

ఇద్దరూ ఆమె వైపు చూశారు. ఆవిడ మెట్టు మీద కూలబడి, తల ఎత్తకుండానే చెప్పింది. "ఆ పొయ్యి వేసిననాడు మీ అమ్మకు ఏడేళ్లు. పచ్చి మట్టి మీద చీపురుపుల్లతో ఏదో రాసింది. అక్షరమంటే సరస్వతి కదా, పొయ్యిలో పెడతావా అని వీపు మీద ఒక్కటేశా."

"ఏం రాసింది?"

"నాకు చదవడం వస్తేగా! సంతకం ఒక్కటేగా నాకొచ్చింది."

"చెరిపేశావా అమ్మమ్మా?"

"చెరపలా. అక్షరం చెరిపితే పాపం కదా. ఆరాక పైన మట్టి మెత్తి కప్పేశా."

యామిని లేచి మగ్గు నిండా నీళ్లు తెచ్చింది. "గునపం వద్దు మేస్త్రీ. పైన మెత్తిన మట్టి నీళ్లకు నానుతుంది. లోపల కాలింది నానదు."

ముందు వంటింటి వైపు తడిపారు. ఏళ్ల తరబడి వేసిన సున్నం పెచ్చులుగా ఊడింది, దాని కింద మట్టి కరిగింది. ఎర్రటి గోడ తేలింది గానీ అక్షరం లేదు. "ఇటు కాదేమో, బావి వైపేమో," అంది సీతారావమ్మ. బావి వైపు తడిపారు. ఫ్రాన్సిస్ తాపీ పక్కన పడేసి, తలగుడ్డ తడిపి, చంటిపిల్ల మొహం తుడిచినట్టు తుడిచాడు. మొదట ఒక అక్షరం మీద గుడి కనిపించింది. తర్వాత తలకట్టు. యామిని ఆ గాట్లలో వేలు పెట్టి, కళ్లతో కాదు, వేలితోనే చదివింది.

"దేవిశీ పొయ్యి. ముట్టుకుంటే కొడతా."

యామిని నవ్వుతోందో ఏడుస్తోందో తెలియడం లేదు. "ర ఒత్తు మర్చిపోయింది అమ్మమ్మా. అమ్మ ర ఒత్తు మర్చిపోయింది."

సీతారావమ్మ తన అరచెయ్యి తెచ్చి ఆ రాత మీద ఆనించింది. "ఇన్నేళ్లూ రోజూ ముట్టుకున్నాగదే తల్లీ! ఒక్కసారన్నా కొట్టలేదే!"

"ఆ రాజూ ఇంతే అమ్మమ్మా. ఇవి నావి, ఎత్తుకెళ్లినవాడి సంగతి దేవుళ్లు చూసుకుంటారని పలకల మీద రాయించుకున్నాడు."

"అయితే నేను ముట్టుకోనండి," అన్నాడు ఫ్రాన్సిస్. "బాత్‌రూమ్ గోడ రెండడుగులు అవతలికి జరుపుతా. చిన్నదైందని నన్ను తిట్టుకోవద్దు."

అలాగే జరిపాడు. ఇప్పటికీ ఆ బాత్‌రూమ్‌లో చెయ్యి చాపితే మోచెయ్యి గోడకు కొట్టుకుంటుంది.

ఇదమ్మా సంగతి. మనసులో పెట్టుకోండి, మీ పిల్లలకూ చెప్పండి. రాజు పేరు నోరు తిరక్కపోతే అసురుడనే అనండి, ఆయనేమీ అనుకోడు. ఆ పిల్ల పేరు మాత్రం దిద్దకండి. దేవిశీ అనే చెప్పండి.