అడీలా పళ్ళెంలో బఠాణీ గింజ

మేము రాజుగారి చుట్టాలమే, కానీ దూరపు వాళ్ళం. అందుకే లండన్‌లో క్రిస్మస్ విందుకు వెళితే మా చోటెప్పుడూ బల్ల చివరే. వడ్డన కూడా అక్కడికి ఆఖరికి వచ్చేది. ఇంటి పెద్ద డ్యూక్ ఫోర్కు కింద పెట్టగానే అందరి పళ్ళేలూ తీసేసేవారు. నాకు ఏటా రెండు టర్కీ కోడి ముక్కలే దక్కేవి. ఇదేం మర్యాదో నాకు అర్థమయ్యేది కాదు. ముందే ఇంట్లో గుడ్లు తిని బయల్దేరేవాళ్ళం.

డ్యూక్ చనిపోయిన ఏడాది పెద్ద కుర్చీలో ఆయన భార్య అడీలా కూర్చుంది. ఆ రోజు దారంతా మంచు. ఆలస్యమవుతుందని పెందలాడే బయల్దేరి, ఏమీ తినకుండానే చేరాం.

"ఆవురావురుమని తినకు ఐవర్, నలుగురూ చూస్తారు" అంది అమ్మ.

అడీలా పళ్ళెంలో ఒక్క బఠాణీ మిగిలింది. దాన్ని ఫోర్కుతో దొర్లిస్తూనే ఉంది.

"అది చల్లారిపోయుంటుందండీ" అన్నాడు పక్కనున్న బిషప్.

"మీరు మీ పళ్ళెం చూసుకోండి" అంది.

నేను ఆఖరి ముక్క మింగాక ఆమె ఫోర్కు కింద పెట్టింది. బఠాణీ అలాగే ఉంది.

వెళ్ళేముందు వంగి, "చాలా థాంక్స్ అత్తయ్యగారూ" అన్నాను.

"ఈసారి ఇంట్లో తిని రాలేదా? పెళ్ళికి ముందు నేనూ ఆ చివరే కూర్చునేదాన్ని. మేమైతే ఇంట్లో రొట్టె, జున్ను తిని బయల్దేరేవాళ్ళం" అంది.